సీబ్‌లో ఒక కిటికీకి ముగ్గు

ఇల్లు కట్టే ముందు నేల మీద సున్నంతో గదుల గీతలు గీయడాన్ని మనవాళ్లు ముగ్గు పోయడం అంటారు. ఒమన్‌లో నాకు జీతం వచ్చేది ఆ ముగ్గులకే. వాకిట్లో నాలుగు చుక్కలు కలపడం చేతకాని మనిషి సముద్రం దాటి వెళ్లి ముగ్గులతో సంసారం ఈదుతున్నాడని మా ఆవిడ ఫోన్లో వాళ్ల అక్కచెల్లెళ్లకు చెప్పి నవ్విస్తుంటుంది. కాదనడానికి నా దగ్గర ఆధారాల్లేవు.

సీబ్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో నేను ముగ్గు పోయాల్సిన ఒక ఇంటి స్థలం యజమాని ఒమానీ పెద్దాయన. చేపల వ్యాపారం. హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. స్థలం చూడటానికి వచ్చినప్పుడల్లా ఫ్లాస్కులో కహ్వా అనే అరబ్బీ కాఫీ, డబ్బాలో ఖర్జూరాలతో ఆయన ఇంటి వంటమనిషి కూడా వచ్చేది. కడప జిల్లా ఆవిడ, ఏళ్లుగా ఆ ఇంట్లోనే పని. నేను తెలుగువాణ్ణని తెలిసిన క్షణం నుంచీ నాకు యజమానులు ఇద్దరయ్యారు.

"నాయనా, నా వంటిల్లు యాడ పెడతాండావు?"

ప్లాను చూపించాను. ఇక్కడ వంటగదిని ఇంటికి విడిగా, వెనక ప్రహరీకి ఆనించి కట్టడం మామూలు. ఒక పక్క స్టోరు, ఒక పక్క నీళ్ల ట్యాంకు, మధ్యలో వంటగది. అంతా వరసగా కుదిరిందని లోలోపల మురిసిపోయాను కూడా.

"కిటికీ ఏదీ?"

"ప్రహరీకి కిటికీ పెట్టకూడదక్కా, పక్కింటి పెరడు కనిపిస్తుంది. ముందు తలుపుందిగా!"

"తలుపు తీచ్చే ఈగలు, మూచ్చే చీకటి. ఇప్పుడుండే ఇంట్లోనూ ఇంతే. బయట ఎండో వానో గూడా ఫోన్లో చూసి తెలుసుకోవాల."

"ఒమన్‌లో వానెక్కడిదక్కా?"

"అందుకేగదా! ఎప్పుడో ఒక తూరి వచ్చాది. అది గూడా చూడనీకుంటే ఎట్ల?"

ప్లాను మళ్లీ విప్పాను. వంటగదిని స్టోరు, ట్యాంకుల మధ్య నుంచి ముందుకు జరిపి, ఖాళీ అయిన పక్క గోడకు కిటికీ పెడదామని పెద్దాయనతో అన్నాను. మనవాళ్లయితే వాస్తు అడుగుతారు. ఈయన వాసన అడిగాడు. ముందువైపు మజ్లిస్ ఉంది, అంటే అతిథులు కూర్చునే హాలు. వంట వాసన అక్కడికి వస్తే ఆయన పరువు పోతుంది. గాలి ఎటు వీస్తుందో కాగితం మీద బాణాలు గీసి వివరించబోయాను.

"కాగితానికి ముక్కు ఉందా, ముహందిస్?" అన్నాడు. ఇంజినీరును ఇక్కడ అలా పిలుస్తారు. "లుబాన్ వెలిగిద్దాం. మజ్లిస్‌లోకి పొగ వస్తే వంటగది గోడకే పోతుంది, ఖలాస్."

లుబాన్ అంటే మన సాంబ్రాణికి పెద్దక్క వరస. శుక్రవారం సాయంత్రం, వంటగది రావాల్సిన చోట ధూపం కుండ పెట్టాం. సున్నపు గీతల మజ్లిస్‌లో ముగ్గురం ప్లాస్టిక్ కుర్చీలేసుకుని, గోడల్లేని గదిలో బుద్ధిగా కూర్చుని, ముక్కులు ఎగబీల్చాం. దారిన పోయేవాళ్లు కార్లు నెమ్మది చేసి మరీ చూశారు. సముద్రం ముందువైపు ఉంది. గాలి అటు నుంచి వచ్చి పొగను వెనక్కి తోసుకుపోయింది. అక్క నా వైపు చూసి కళ్లెగరేసింది. నేను కుర్చీలోంచి లేచేలోపు పెద్దాయన ఇంకో కప్పు కహ్వా పోయించుకున్నాడు.

"కూర్చో. నా అతిథులు వచ్చేది మగ్రిబ్ నమాజు తర్వాత."

సూర్యుడు దిగాడు. గాలి కాసేపు ఆగింది. తర్వాత కొండల వైపు నుంచి, అంటే మా వెనక నుంచి, మెల్లగా బయలుదేరింది. లుబాన్ పొగ నేరుగా మజ్లిస్‌లోకి వచ్చి మా మధ్య తిష్ఠ వేసింది. అంత మంచి వాసనను మనసులో తిట్టుకోవడం నాకు అదే మొదలు.

"మాషా అల్లా, లుబాన్ అయితే బాగానే ఉంది," అన్నాడు పెద్దాయన కళ్లు మూసుకుని. "మరి రేపు ఎండుచేప అయితే?"

అక్క ఖర్జూరాల డబ్బాకు మూత పెట్టింది.

ఇక మిగిలింది ఒక్కటే చోటు, ఇంటికి పక్కన. అక్కడైతే ఏ గాలి వీచినా పొగ మజ్లిస్‌ను తాకకుండా పక్కనుంచే పోతుంది. కానీ అది మూడో కారు షెడ్డుకని ఆయనే ఎంచుకున్న చోటు. నసుగుతూనే చెప్పాను.

"కారు ఎండలో మాడదా?" అన్నాడు.

అప్పుడు అక్క, ఆ ఇంట్లో మాట్లాడే అరబ్బీ-హిందీ కలగూరలో అందుకుంది. "బాబా, నీ కారుకు నాలుగు కిటికీలు. దినమంతా ఊరు చూసొచ్చాది. నాకు ఒక్కటీ లేదు!"

పెద్దాయన నవ్వుకి కప్పులో కహ్వా ఒంటి మీది తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా మీద ఒలికింది. "ఆ కారు మా చిన్నోడిది. వాడూ ఇంట్లో ఉండడు, అదీ ఉండదు," అంటూ తనే లేచి ధూపం కుండను కారు షెడ్డు చోటికి మోసుకెళ్లాడు. మళ్లీ కూర్చున్నాం. పొగ ఇంటి పక్కనుంచే సాగి గేటు దాటి రోడ్డెక్కింది. మా ముక్కుల దాకా పొగ రాలేదు. ఆయన నోటి నుంచి మాత్రం "జేన్" అని ఒక పొగడ్త వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కొత్త ముగ్గు పోయించాను. వంటగది దూరం జరిగింది కాబట్టి మురుగునీళ్ల గొట్టానికి వాలు చాలదు. నేల ఒక మెట్టు పైకి లేపాలి. అక్క అప్పటికే సున్నపు గీతల్లోకి దూరిపోయి పొయ్యి ఎక్కడో, సింకు ఎక్కడో చేతులతో చూసుకుంటోంది.

"మెట్టెందుకు నాయనా?"

"నీళ్లు సాఫీగా పోవాలంటే ఎత్తు కావాలక్కా."

"మంచిదేలే, గేటు గూడా బాగా కనపడతాది."

కిటికీ వచ్చే చోట రెండు మేకులు పాతాను. ఆమె వాటి మధ్య నిలబడి, లేని గట్టు మీద మోచేతులు ఆనించి, రోడ్డు మీద వచ్చేపోయే కార్లను చూసింది. అంతలో మా సైటు కుర్రాళ్లలో ఒక బంగ్లాదేశీ సిమెంటు బస్తా మోసుకుంటూ వంటగదిలోకి అడ్డంగా వచ్చేశాడు.

"ఏయ్! గోడలోంచి నడుచ్చాండావేంది? తలుపు ఆ పక్క!"

వాడికి తెలుగు ముక్క రాదు. అయినా కాళ్ల కింద తెల్లగీత చూసుకుని గతుక్కుమన్నాడు, వెనక్కి తగ్గాడు, చుట్టూ తిరిగి కిటికీ ముందుకొచ్చి బస్తా దించాడు. అక్క ఫ్లాస్కు వంచి కప్పు నింపింది. పక్కనుంచి చెయ్యి చాపితే సరిపోయేది, కానీ ఆమె రెండు మేకుల మధ్యలోంచే, వంగి, జాగ్రత్తగా అందించింది.