పిన్ని పేరంటాలైన రోజు

పళ్లెంలో పసుపు ముద్ద, కుంకుమ, గాజులు, మంగళగిరి చీర. వాటి మధ్యలో వేలి గోరంత బంగారు బిళ్ల. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. లక్ష్మీదేవి అనుకుని నాయనమ్మను అడిగాను. ఆవిడ తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"మీ పిన్నే."

ఫోన్లో మెసేజ్ కొడుతున్న నా వేలు అక్కడే ఆగిపోయింది.

పిన్ని అంటే బాబాయి భార్య. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లోనే కాపురం. పిల్లల్లేరు. పచ్చకామెర్లు ముదిరి గుంటూరు ఆసుపత్రిలో పోయింది. ఏడాది తిరిగిందో లేదో బాబాయికి మళ్లీ పెళ్లి. ఎక్కువమందిని పిలవకుండా ఇంట్లోనే చేస్తున్నారు. నాకు రావాలని లేదు. నాన్న బలవంతం మీద హైదరాబాదు నుంచి వచ్చి, ఎవరు పలకరించినా ఊ అంటూ ఫోన్లో తల దూర్చి కూర్చున్నాను.

"బిళ్ల మీద పిన్నేంటి నాయనమ్మా?"

నాయనమ్మ గాజులు సర్దుతూనే చెప్పుకొచ్చింది. మొగుడు బతికుండగా బొట్టూ గాజులతో పోయిన ఆడది పేరంటాలవుతుందట. అంటే ఆ ఇంటికి దేవతే. ఆమె చోటుకి ఇంకో మనిషిని తెచ్చుకుంటే, ముందు ఆమెకు చీర పెట్టి మొక్కాలట. కొత్తగా వచ్చినామె ఈ బిళ్లను మెడలో వేసుకుని రోజూ కళ్లకద్దుకోవాలట. లేకపోతే ఏమవుతుందని రెట్టించాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలో మాటా అందించారు. కల్లోకొచ్చి పీడిస్తుంది, కడుపు నిలవనివ్వదు, ఇల్లు కలిసిరాదు.

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. వీళ్లు భయపడుతున్నది మా పిన్నికా? బల్లి కనిపిస్తే మంచమెక్కి కూర్చునే మనిషికా? నాకు మిస్డ్ కాల్ ఇచ్చి, నేను చేస్తే "మీ హాస్టల్లో ఇయ్యాల ఏం కూర?" అని మొదలుపెట్టి, ఆ కూర మీదే పావుగంట మాట్లాడేది. ఆ మనిషి ఇంకొకళ్ల కడుపు తీస్తుందా? ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు కూడా ఆమె నాకు ఇంత దూరమైపోలేదు. ఆ బిళ్ల గానీ ఈ కొత్తామె మెడలోకి వెళ్లిందంటే, ఇక ఈ ఇంట్లో పిన్ని అని ఎవరూ అనరు, పేరంటాలే అంటారు.

"ఆవిడ మీకేం చేసిందని ఇంత భయం?" అని అరిచాను. నాన్న కళ్లెర్రజేశాడు. నేను పళ్లెంలోంచి బిళ్ల తీసి, గుప్పిట్లో పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాను.

ఎవరో వచ్చి లాక్కుంటారనే అనుకున్నాను. నాన్న అనుకున్నాను, బాబాయి అనుకున్నాను. వచ్చింది పెళ్లికూతురు. వాళ్లమ్మ వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు. పారాణి కాళ్లతో మట్టిలోకి దిగింది. అప్పటిదాకా ఆమె మొహం నేను సరిగా చూడలేదు. చూడకూడదనే కూర్చున్నాను.

"అది పారెయ్యమాకు," అంది మెల్లగా. "నాకు భయంగా ఉంది."

"మా పిన్ని ఎవర్నీ ఏమీ చెయ్యదు."

"నీకు తెలుసు. నాకెట్టా తెలుస్తది? పేరంటాలన్నారు, మొక్కుకోమన్నారు. మనిషి ఎట్టా ఉంటదో ఒక్కళ్లూ చెప్పలా." నా రెండో చేతిలో ఉన్న ఫోన్ వంక చూసింది. "అందులో ఫోటో ఏమన్నా ఉందా?"

ఒక్కటుంది. పోయినేడాది మిరప కల్లంలో, ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నిలబడి, తుమ్ము రాబోతూ కళ్లు మూసుకుని, మొహమంతా వంకర్లు తిరిగిన పిన్ని. తీసెయ్యవే అని ఎంత బతిమాలినా నేను తీసెయ్యలేదు. పెళ్లికూతురు నవ్వుతుందేమోనని మనసులోనే గొడవకి సిద్ధమైపోయాను. ఆమె నవ్వలేదు. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంత చిన్నదా," అంది. "నా ఈడేగా."

నేను ఆమె మొహంలోకి చూసింది అప్పుడే. నిజంగానే పిన్ని ఈడే.

ఈలోపు ముహూర్తం దాటిపోద్దని తిట్టుకుంటూ నాయనమ్మ వచ్చేసింది. నేను తగ్గలేదు. ఈ బిళ్ల కంసాలి అందరికీ ఒకే అచ్చులో కొట్టిచ్చే బొమ్మ, ఇది పిన్ని కాదు, పిన్ని ఇదిగో అంటూ ఫోన్ తీసుకుని నాయనమ్మ మొహం ముందు పెట్టాను.

నాయనమ్మ తిట్టడం ఆపేసింది. మెడలో గొలుసు బయటికి లాగింది. దానికి అరిగి నున్నగా అయిపోయిన ఒక బిళ్ల. తాతయ్య పోయాక పుస్తెలు తీసేసినా దాన్ని మాత్రం తియ్యలేదు. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో పడుకుని నేను దాంతో ఆడుకునేదాన్ని. అదీ లక్ష్మీదేవే అనుకున్నాను.

"మీ తాతయ్య మొదటి పెళ్లాం," అంది.

తాతయ్యకు ఇంకో భార్య ఉండేదని నాకు ఎవరూ చెప్పలేదు.

"పెళ్లయిన కాణ్ణించి మొక్కుతున్నా. అక్క మొహం ఎట్టా ఉండేదో నాకు ఇప్పటికీ తెలీదే."

అలా అంటూనే ఫోన్ లాక్కుని, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూసింది. వేలికి కుంకుమ ఉంది. ఏం చేస్తోందో నాకు అర్థమయ్యేలోపే స్క్రీన్ మీద, పిన్ని నుదుటి దగ్గర బొట్టు పెట్టేసింది. ఫోన్ పాడవుతుందని అరవబోయాను.

"ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే వినవుగా," అంది నాయనమ్మ ఫోన్‌తో. "చూడు, ఎట్టా తుమ్ముతున్నావో."

దేవతని అలా కసురుకుంటారని నాకు తెలియదు. మొహం తెలియని అక్కకి ఇన్నేళ్లూ చేతులు జోడించడమే తప్ప, ఇలా ఒక్క మాట అనడానికి కూడా ఆవిడకి వీల్లేకపోయింది. నేను గుప్పిట తెరిచాను. బిళ్లను పెళ్లికూతురే తీసుకుంది.

లోపల ఫోన్‌ని పళ్లెంలో కొబ్బరికాయకు ఆనించి నిలబెట్టారు. పంతులుగారు అటొకసారి, నా వైపొకసారి చూసి మంత్రం అందుకున్నారు. కాసేపటికి స్క్రీన్ నల్లబడింది.

"ఏందే, పోయింది?" అంది నాయనమ్మ కంగారుగా.

"లైటు ఆరిపోతుంది నాయనమ్మా. మధ్యమధ్యలో బటన్ నొక్కాలి."

"అయితే ఇక్కడ కూచుని నొక్కు."

పెళ్లికూతురి పక్కన పీట వేశారు. కూర్చుని నొక్కాను. తుమ్మబోతూ పిన్ని వెలిగింది. పెళ్లికూతురు బిళ్లను మెడలో వేసుకుని, ఫోన్ వైపు వంగి "అక్కా" అంది. ఆ తర్వాత ఏమందో చాలా చిన్నగా అంది, నాకు వినపడలేదు. ఆమె మాటలు అయ్యేదాకా లైటు ఆరనివ్వకుండా బటన్ నొక్కుతూనే ఉన్నాను.