బదిలీ పాపాల రాయమల్లు

ఎవరి పాపాలు వాళ్ళే ఒప్పుకోవాలని లోకమంతా అనుకుంటుంది. గోదావరిఖనిలో రిటైరైన రాయమల్లు ఒక్కడే అలా అనుకోడు. శనివారం సాయంత్రం పాపసంకీర్తనానికి అందరికంటే ముందు వెళ్ళి మోకరిల్లి, కాలనీలో వాళ్ళ పాపాలన్నీ ఫాదర్‌కు అప్పజెబుతాడు. తన పాపం మాత్రం ఒక్కటీ చెప్పడు.

పోనీ మెల్లగా చెబుతాడా అంటే, అదీ లేదు. భూమి లోపల మందు పెట్టి బొగ్గు పేల్చీ పేల్చీ చెవులు దిబ్బళ్ళు పడ్డ మనిషి. ఆయన గుసగుసలాడితే చర్చి బయట బండ్లు పెట్టుకునేవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు.

ఈ సంగతి తెలియక పాపం ఫాదర్ ఇన్నయ్య గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చాడు. చిన్న వయసు. చర్చి నియమాలు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. మొదటి శనివారమే పాపసంకీర్తన గూటి జాలీకి అవతల నుంచి కేక వినబడింది.

"భూపాల్ పాపాలు ఫాదర్! ఆయన సెకండ్ షిఫ్టుకు పోయిండు. పక్కింటి కోడిని కోసుకొని తిన్నడు!"

"ఎవరి పాపాలు వాళ్ళే చెప్పాలండీ. ఇంకొకరి బదులు చెబితే చెల్లదు."

"ఎందుకు చెల్లది? నేను నౌకరిల చేరిందే బదిలీ ఫిల్లర్‌గ. ఎవడన్న రాకుంటే వాని జాగల దిగి బొగ్గు నింపిన. కంపెని ఒప్పుకున్నది గద! దేవునికేం రోగం?"

"పని వేరు, పాపం వేరు! నీ పాపం ఒక్కటి చెప్పు!"

"నాకేం పాపాలుంటయ్ ఫాదర్, రిటైరైతిని!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఫాదర్ కూడా గొంతు చించుకోక తప్పలేదు. వరుసలో ఉన్నవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మరుసటి శనివారం భూపాల్ గుమ్మంలోనే మండిపడుతూ వచ్చాడు.

"రాయమల్లు కాక మాట నమ్మకున్రి ఫాదర్! నేను తెంపింది జామకాయలు. కోడి గీడి నాకు తెల్వది. జరుగున్రి, నాది నేనే చెప్పుకుంట!"

ఫాదర్‌కు అప్పుడైనా అనుమానం రాలేదు. ఆయన దిగులంతా మొగిలి గురించే.

మొగిలి రాయమల్లుకు పాత జోడీ. ఇద్దరూ ఒకే బొగ్గుబావిలో పనిచేశారు. మొగిలి కొడుకు జైపాల్ హిందువుల పిల్ల సంతోషిని రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాడని, అప్పట్లో ఉన్న పెద్ద ఫాదర్ నిండు పూజలో మొగిలిని నిలబెట్టి మందలించాడు. ఆ రోజు దిగిన చర్చి మెట్లు మొగిలి మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు గుండె ఆపరేషన్. సోమవారమే హైదరాబాద్ ప్రయాణం.

"లోపల భయపడుతున్నడు ఫాదర్," అని మొగిలి భార్య సారవ్వ కళ్ళు తుడుచుకుంది. "దుప్పటి కింద జపమాల తిప్పుతడు. నేను చూస్తే దాస్తడు. మనసు తేలిక జేసుకోకుండ కత్తి కిందికి పోతడేమోనని నా ఫికర్."

ఫాదర్ స్వయంగా ఇంటికి వెళ్ళాడు. మొగిలి తలుపు సందులోంచే సమాధానం చెప్పాడు. "నా పాపాలు నా తాన్నే ఉండనియ్యున్రి. మీకు బరువెందుకు?"

బలవంతంగా చెప్పిస్తే అది సంకీర్తనం కాదు. నియమం అదే. ఫాదర్ వెనక్కి వచ్చేశాడు కానీ ఆయనకు అన్నం సహించలేదు.

శనివారం వచ్చింది. రాయమల్లు మోకరిల్లాడు.

"మొగిలి పాపాలు ఫాదర్! దోస్తుల తోని పేకాడుకుంట పత్తాలు దాచిండు! కూర బాగలేదని సారవ్వ మీదికి కంచం ఇసిరిండు!"

"కంచం ఇసిరే మొగోడా ఆయన?" బెంచీలో ఉన్న సారవ్వ దిగ్గున లేచింది. "కూర చప్పగుంటె ఉప్పడగనీకే జంకుతడు!"

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది. వెళ్ళినంతసేపు పట్టలేదు, మొగిలి ఆటోలో దిగాడు. లుంగీ, బనీను, మీద ఒక తువ్వాల. ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కాడు. ఏ మెట్లు ఎక్కుతున్నాడో ఆయనకు గుర్తే లేదు.

"ఏడున్నడు వాడు? జిందగీల నేను పత్తా దాచలే! దేవుని తాన నా పేరు ఖరాబు జేస్తడా? లే బే, పక్కకు జరుగు! నా లెక్క నేనే చెప్పుకుంట!"

రాయమల్లు వినయంగా లేచి చోటిచ్చాడు.

మొగిలి లోపల చాలాసేపు ఉన్నాడు. ఏం చెప్పాడో ఫాదర్‌కూ దేవుడికీ తెలుసు, మనకు అక్కర్లేదు. బయటికి వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. మర్నాడు పూజలో నాలుక చాపి సత్ప్రసాదం అందుకున్నాడు. సారవ్వ ఏడుస్తూనే నవ్వింది. ఫాదర్ ఆ పూట కడుపునిండా తిన్నాడు.

వారం చివర్లో ఆమె ఫోన్ చేసింది. "ఆపరేషన్ మంచిగైంది ఫాదర్! ఇడ్లీ గట్టిగున్నదని అప్పుడే నర్సు తోని లొల్లి పెట్టుకున్నడు!"

ఫాదర్ గుండెల మీంచి కొండ దిగినట్టయింది. అప్పుడు తీరిగ్గా ఆలోచించాడు. భూపాల్ కోడి, మొగిలి కంచం. రాయమల్లు ఎవరి పేరు పెట్టి చెప్పాడో వాళ్ళంతా మరుసటి వారానికల్లా మండిపడుతూ వచ్చినవాళ్ళే. వెంటనే రాయమల్లును పిలిపించాడు.

"అవన్నీ అబద్ధాలేనా?"

"నిజం పాపాలు బయటికి చెప్పుడు తప్పు గద ఫాదర్," అన్నాడు రాయమల్లు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. "రమ్మని బతిమిలాడితే ఎవ్వడస్తడు? సిగ్గు అడ్డమొస్తది. గదే లేని నింద ఏస్తే ఉరికొస్తడు. ఒక్కసారి మోకాలు వంచినంక అసలుది అదే బయటికొస్తది."

ఫాదర్‌కు ముసలాయన్ని గట్టిగా కావలించుకోవాలనిపించింది. కానీ నియమం నియమమే.

"అబద్ధం పాపమే రాయమల్లూ. రా, మోకరిల్లు. ఈసారి నీదే చెప్పు."

రాయమల్లు మోకరిల్లాడు. "అబద్ధాలాడిన ఫాదర్. మొగిలి మీద, భూపాల్ మీద. ఈ పాపాలు నాయే."

"ఇంకెప్పుడూ ఆడనని దేవుడికి మాటివ్వు. ఆ మాట లేకపోతే క్షమాపణ చెల్లదు."

రాయమల్లు తల గోక్కున్నాడు. మెడ తడుముకున్నాడు.

"గదే కష్టం ఫాదర్. బసంత్‌నగర్ల కొమురెల్లి ఉన్నడు. ఏండ్లాయె చర్చి మొఖం చూడక. వాని మీద మేకను దొంగిలిచ్చిండని అనుకున్న."

జాలీ అవతల ఫాదర్ గొంతు సవరించుకున్నాడు.

"మేక మరీ పెద్దది. గొడుగు చాలదూ?"