చెట్టు అడిగిందట

కురమోచి తనకు కావలసింది తన నోటితో ఎన్నడూ అడిగి ఎరగడు. అడిగేది ఎప్పుడూ చెట్టే. జపాన్‌లో, కుండీల్లో పొట్టి చెట్లు పెంచే ఓమియా బోన్సాయ్ వాడలో అందరికీ తెలిసిన సంగతే ఇది. తోకియెకు మరీ బాగా తెలుసు. ఆమె భర్త షూకిచీ, ఈ కురమోచీ పక్కపక్క తోటల్లోనే ముసలివాళ్ళయ్యారు.

"మీ రేడియో మా జునిపర్ చెట్టుకు పడటం లేదు" అనేవాడు కురమోచి, గోడ మీదుగా తల పెట్టి.

"జునిపర్‌కా, నీకా?" అనేవాడు షూకిచి.

"నాకేం, నాకు చెవుడు."

వయసులో ఉండగా పెళ్ళిచూపులకు కూడా మేపుల్ మొక్కను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడట. "దీనికి మీరు నచ్చారు" అన్నాడట. "అయితే నన్ను దానికే ఇచ్చి చెయ్యమనండి" అని ఆ అమ్మాయి లేచిపోయింది. ఆ తర్వాత ఆయన ఇంకెవరినీ చూడలేదు.

చలికాలం చివర్లో షూకిచి పోయాడు. తోకియె తోటవైపు చెక్క తలుపులు మూసేసింది. పొయ్యి వెలిగించడం మానేసింది. షూకిచి పెళ్ళినాటి నుంచి పెంచిన నల్ల పైన్ చెట్టు ఒక్కటే అరుగు మీద మిగిలింది. అదొక్కటి బతికితే చాలనుకుంది.

కర్మ అయిన మర్నాడే కురమోచి నీళ్ళ డబ్బాతో వచ్చాడు. కుండీ మట్టిలో వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఎలా ఉంది?" అంది తోకియె తలుపు సందులోంచి.

"పొద్దుటెండ కావాలట. తలుపులన్నీ తియ్యమంటోంది."

తీసింది. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"మిసో చారు ఆవిరి తగలాలట."

"పైన్‌కి మిసో చారా?"

"నేనూ అదే అన్నాను. వింటేనా! కాచింది పారబొయ్యకూడదట. మీరే తాగాలట."

తాగింది. తర్వాత దానికి కాల్చిన చేప వాసన కావాల్సి వచ్చింది. ఆపైన ఇంట్లో మనుషుల మాటలు కావాల్సి వచ్చాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళను టీకి పిలిచింది.

"ఆయన ఉండగా ఇది ఇన్ని అడగలేదే!" అంది ఒకరోజు కురమోచితో.

"మీరు గారాబం చేసి చెడగొట్టారు."

తోకియె నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళి ఏడ్చింది.

వానలు తగ్గి ఎండలు ముదిరేసరికి పైన్ ఆకులు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. తోకియె గోటితో బెరడు గీరి చూసింది. లోపల పచ్చదనం లేదు, పొట్టులా ఉంది. షూకిచి పక్కన అన్నేళ్ళు గడిపింది; పైన్ సంగతి ఆమెకూ తెలుసు. వేరు చచ్చినా నెలల తరబడి ఆకు పచ్చగానే ఉంటుంది. నీళ్ళు తాగే వేరు లేక మట్టి మాత్రం తడి ఆరదు. మొదటి రోజు కురమోచి మట్టిలోంచి వేలు తియ్యకపోవడం గుర్తొచ్చింది.

ఆయన నీళ్ళ డబ్బాతో రానే వచ్చాడు.

"ఇది పోయిందని మీకెప్పుడు తెలుసు, కురమోచి గారూ?"

ఆయన డబ్బా కింద పెట్టాడు. "వచ్చిన రోజే."

"మరి చారు అడిగిందెవరు?"

కురమోచి అటూ ఇటూ చూశాడు. అరుగు మీద ఇంకో చెట్టు లేదు.

"కుండీ" అన్నాడు.

తోకియె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళబోతుండగా రెండు గిన్నెల చారుతో వచ్చింది. ఒకటి ఆయన ముందు పెట్టింది. ఎండిన కొమ్మల వంక చూస్తూ మెల్లగా అంది:

"రేపు కూడా వస్తారా అని కుండీ అడుగుతోంది."

కురమోచి గిన్నెలోకి తల దించుకున్నాడు.

"కాస్త గట్టిగా అడగమనండి. నాకు చెవుడు."

తోకియె ఈసారి వీధి చివరిదాకా వినపడేలా అడిగింది.