నల్లరాతి మీద తెల్లమచ్చ

మార్టూరు దగ్గర హైవే పక్కన ఉన్న గ్రానైట్ షెడ్డులో నాది కూర్చుని చేసే పని. రాళ్ళు కోసేవాళ్ళూ పాలిష్ పట్టేవాళ్ళూ అవతల రోజంతా నీళ్ళలో, బురదలో నిలబడతారు. నేను ఇవతల అద్దాల గదిలో కంప్యూటరు ముందు ఉంటాను. చనిపోయినవాళ్ళ ఫొటోలు తెస్తారు. వాటిని శుభ్రం చేసి, కింద పేరూ తేదీలూ పేర్చి, లేజర్ మిషనుకి పంపిస్తాను. మిషను నల్లరాయి మీద చుక్క చుక్కగా కొడుతుంది. కొట్టిన చోట తెల్లబడుతుంది, మిగతాది నల్లగానే ఉండిపోతుంది. పొలంలో సమాధి కట్టించుకునేవాళ్ళు ఆ పలకల్ని తీసుకెళ్ళి దానికి అతికిస్తారు.

అంతకుముందు పాతికేళ్ళు షాపుల బోర్డుల మీద, గోడల మీద బ్రష్షుతో అక్షరాలు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. కంప్యూటరు నేర్చుకున్నాను. ఇప్పుడు బొమ్మ కూడా కంప్యూటరే వేస్తోంది. ఏం వెయ్యాలో దానికి మాటల్లో రాసి పెట్టాలి. ఆ రాతని ప్రాంప్ట్ అంటారు. యాభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ కొత్తగా పని నేర్చుకోవలసి వచ్చింది. రాదని కాదు, వస్తుంది. కానీ ప్రతిసారీ మొదటి మెట్టు మీద నిలబడాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

మా ఓనరు నాకంటే బాగా చిన్నవాడు, ఉత్సాహవంతుడు. ఎవరినీ అడక్కుండా గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించాడు: ఫొటో సరిగా లేకపోయినా బొమ్మ తయారుచేసి ఇవ్వబడును. ఆ బోర్డు చూసే ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు.

అప్పటికి మిరప కోతలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. ఆయనది ప్రత్తిపాడు వైపు ఒక పల్లె. మిరప, పత్తి వేసే రైతు. డెబ్బై దాటి ఉంటాయి. భార్య పోయి ఏడాది కావస్తోందట. సంవత్సరీకం లోపల సమాధికి పలక పెట్టాలని వచ్చాడు. జేబులోంచి ఆధార్ కార్డు జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫొటో ఇదొక్కటేనయ్యా."

అందులో ముఖం బొగ్గు పూసినట్టు ఉంది. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

"పెళ్ళిళ్ళలో దిగినవి ఏవన్నా ఉంటాయి కదా బాబాయ్?" అన్నాను.

"ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మొహం కనపడదు. ఫొటో తీస్తున్నారంటే పక్కకి తిప్పుకునేది, లేకపోతే కొంగు అడ్డం పెట్టుకునేది." చూపుడువేలితో తన కింది పెదవి ఎడమ అంచు నుంచి గడ్డం దాకా గీసి చూపించాడు. "ఇక్కణ్ణించి ఇక్కడిదాకా తెల్లమచ్చ. పెళ్ళయిన నాలుగేళ్ళకి మొదలైంది. గుంటూరులో చూపించాం, చీరాలలో చూపించాం. పోలా."

ఆవిడ ఎలా ఉండేదో చెప్పమన్నాను. ఆయన చెప్పాడు. మంచిది. కష్టజీవి. ఎవర్నీ ఒక్క మాట అనేది కాదు. నెమ్మది. ఆ మాటలనే నాకు వచ్చిన ఇంగ్లీషులో పెట్టి, ఆధార్ ఫొటో జతచేసి, మీట నొక్కాను. అర నిమిషంలో బొమ్మ వచ్చింది. ఎర్ర పట్టుచీర, మెడనిండా నగలు, రూపాయంత బొట్టు, పళ్ళన్నీ కనపడేలా నవ్వు. వెనకాల సాయంత్రపు ఎండ బంగారంలా మెరిసిపోతోంది. మిరపచేలో అని రాసినందుకు చుట్టూ క్యాప్సికం కాయలు బుర్రల్లా వేలాడుతున్నాయి.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎవరయ్యా ఈవిడ?" అన్నాడు.

తప్పు ఆయనది కాదు, నాది. అప్పటికి ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. మంచితనం, కష్టం, నెమ్మది అంటే బొమ్మలు వేసే ఈ మిషనుకి ఏమీ తెలియదు. అలాంటి మాట పడితే అది లోకంలో ఉన్న అందమైన బొమ్మలన్నీ కలిపి ఏదో ఒకటి ఇస్తుంది. కంటికి కనపడేది చెప్పాలి. ఆ సంగతి తెలిసి కూడా బద్ధకించి ఆయన మాటల్ని ఉన్నవున్నట్టు రాసేశాను.

"అట్టా కాదు బాబాయ్. ఇప్పుడు ఆవిడ ఆ తలుపులోంచి వస్తోందనుకో. నీకు ఏం కనపడుద్దో అది చెప్పు."

ఆయన తలుపు వైపు చూశాడు. నేను తొందరపెట్టలేదు. చాలాసేపటికి మొదలుపెట్టాడు. ముక్కుకి రెండువైపులా పుడకలు. చెంప ఎముకలు పైకి ఉంటాయి. నడినెత్తిన జుట్టు పలచబడి పాపిడి వెడల్పయింది. నేతచీర మీద ఆయన పాత చొక్కా, చేతులు మణికట్టు దాకా దించుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని. మిరపచేలో పనిచేసేవాళ్ళందరూ అలాగే వేసుకుంటారు. అది కూడా చెప్పాలా అన్నట్టు నా వైపు చూశాడు. చెప్పాలన్నాను. మనం చెప్పనిదల్లా అది సొంతంగా పూరించుకుంటుంది, పూరించిందంటే నగలే పెడుతుంది.

ఆయన ఆ వారంలో నాలుగుసార్లు బస్సెక్కి వచ్చాడు. పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా నా పక్కన కుర్చీలో కూర్చునేవాడు. అవతల రాళ్ళు కోసే రొద. ఇద్దరం కాస్త అరుచుకుంటూ మాట్లాడుకోవాల్సి వచ్చేది. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి, మిషను ఇచ్చేది, ఆయన తల అడ్డంగా ఊపేవాడు. మళ్ళీ మొదటికి.

ఆ నాలుగు రోజుల్లో నాకు కొన్ని సంగతులు తెలిసొచ్చాయి. వద్దు అన్నది రాయకూడదు. నవ్వు వద్దని రాస్తే నవ్వు అనే మాటనే పట్టుకుని ఇంకా ఎక్కువ నవ్విస్తుంది. పెదవులు మూసి ఉన్నాయి అని రాయాలి. ముఖ్యమైనది ముందు రాయాలి, చివర రాస్తే దాన్ని సగం మరిచిపోతుంది. వెలుగు ఎటునుంచి పడుతోందో చెప్పకపోతే సాయంత్రపు ఎండే పోస్తుంది. ఒకేసారి పది మార్చకూడదు, ఒకటి మార్చి చూడాలి. ఇవన్నీ తెలిసినకొద్దీ పని తేలికవ్వాలి. నాకు మాత్రం కళ్ళు మండటం ఎక్కువైంది.

మచ్చ దగ్గర మరీ చిక్కొచ్చింది. ఆ జబ్బుకి ఇంగ్లీషులో ఏమంటారో ఫోనులో వెతికి ఆ మాట పెట్టాను. మిషను ఒక పడుచుపిల్లని తెచ్చింది. ముఖానికి రెండువైపులా ఒకే కొలతలో, ముగ్గు వేసినట్టు మచ్చలు. పెద్దాయన ఆ బొమ్మ చూడగానే ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు జబ్బు పేరు తీసేశాను. కాగితం, పెన్సిలు ఇచ్చి మచ్చ గీయమన్నాను. ఆయన ఎక్కడా ఆగకుండా గీశాడు. కింది పెదవి ఎడమ మూల దగ్గర సన్నగా మొదలై, గడ్డం దగ్గర రెండు వేళ్ళ వెడల్పయి, అంచులు నునుపుగా కాకుండా కొరికినట్టు. దాన్నే మాటల్లో రాశాను. పెదవి మూల నుంచి గడ్డం దాకా చర్మం రంగు పలచగా ఉంది, అంచు ఎగుడుదిగుడుగా ఉంది, కుడివైపు ఏమీ లేదు.

నాలుగోరోజు పన్నెండు గంటలప్పుడు ఆ బొమ్మ వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుండుగుడ్డతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదయ్యా," అన్నాడు.

రాయి మీద కొట్టే ముందు ఇంట్లోవాళ్ళకి ఎవరికైనా చూపించమన్నాను, ఎందుకైనా మంచిదని. ఆయనకొక కూతురు ఉంది, ఒంగోలులో టీచరు. తర్వాతి ఆదివారం తండ్రితో కలిసి వచ్చింది. తెర మీద బొమ్మ చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పోలిక కుదిరిందని సంతోషపడ్డాను. ఆవిడ చెయ్యి దించి, "మచ్చ తీసెయ్యండి అన్నయ్యా," అంది.

"ఎందుకు తీసేది?" అన్నాడు పెద్దాయన.

"అమ్మ జన్మంతా దాన్ని దాచుకుంది నాన్నా. మా స్కూలుకొచ్చినా గేటు బయటే నిలబడేది, లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. నా పెళ్ళిలో పీటల మీద కూర్చుని కూడా కొంగు తియ్యలా. ఇప్పుడు రాయి మీద కొట్టించి పొలంలో అందరికీ చూపిస్తావా?"

"అది లేకపోతే మీ అమ్మెట్టా అవుద్ది? ఊళ్ళో ఎవరో ఆడమనిషి అవుద్ది."

నేను మధ్యలో రాకూడదనుకున్నాను. కానీ చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. తెర మీద మచ్చ వేరు, రాయి మీద వేరు. తెల్లగా ఉన్నచోటే లేజరు గట్టిగా కొడుతుంది. నల్లరాయి మీద ముఖంలో అన్నిటికంటే ముందు కనపడేది ఆ మచ్చే. అది చెప్పాను. తర్వాత పెద్దాయన లేచి, టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు.

కూతురు ఆయన కుర్చీలో కూర్చుంది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు విసుగొచ్చింది. తీసెయ్యడానికి నిమిషం పట్టదు. తీసేసి పంపిస్తే నా పని అయిపోతుంది. కానీ నాలుగు రోజులు ఆ మనిషి పక్కన కూర్చుని తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. తండ్రిని అడిగిందే కూతుర్నీ అడిగాను.

"మీ అమ్మ నీకెట్టా గుర్తొస్తుందో చెప్పమ్మా. కంటికి కనపడేది."

ఆవిడ అసలు ఆలోచించలేదు. "కొంగుతోనే," అంది. "ఎడం చేత్తో కొంగు చివర పట్టుకుని పెదాల మీద పెట్టుకునేది. రెండు వేళ్ళతోనే పట్టుకునేది, చూపుడువేలు, నడిమివేలు. మిగతా వేళ్ళు ముడిచేది. మిరపకాయలు ఏరేటప్పుడు ఘాటుకి అందరూ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకునేవాళ్ళు. అప్పుడు అమ్మ అందర్లాగే ఉండేది. అప్పుడే బాగా నవ్వేది. పైకి కళ్ళు మాత్రమే కనపడేయి, నవ్వుతుందని తెలిసిపోయేది."

నేను ఆవిడ మాటల్ని అలాగే రాసుకుంటూ పోయాను. పెద్దాయన చెప్పినదాంట్లోంచి ముక్కుపుడకలూ, పాపిడీ, చెంప ఎముకలూ ఉంచాను. చొక్కా తీసేశాను. కొంగు, వేళ్ళు ముందు పెట్టాను. మొదటిసారి కొంగు నెత్తిన ముసుగైంది. ఎడమ భుజం మీంచి వచ్చిన చీర అంచు, నోటి మీద మాత్రమే, జుట్టు పూర్తిగా కనపడుతోంది అని రాశాను. రెండోసారి చేతికి ఆరు వేళ్ళు. మూడోసారి అరచేతి నిండా గోరింటాకు. కూతురికి నవ్వొచ్చింది. ఆమె నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఆ వారంలో నవ్వడం అదే మొదలు. ఎన్నోసారో లెక్కపెట్టలేదు గానీ, టీ తాగడానికి వెళ్ళిన మనిషి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడేసరికి బొమ్మ కుదిరింది. పెదవుల మీద నేతచీర కొంగు, రెండు వేళ్ళు, పైన కళ్ళు.

ఆయన దగ్గరికొచ్చి చూశాడు.

"ఊళ్ళోవాళ్ళకి ఇట్టానే తెలుసు," అన్నాడు. "ఇదే కొట్టు."

"నీకు సరేనా నాన్నా?" అంది కూతురు.

"సరేనమ్మా. నా దగ్గర కొంగు అడ్డం పెట్టుకునేది కాదుగా."

కూతురు తల తిప్పి ఆయన వైపు చూసింది. "పెట్టుకునేది కాదా?"

"నీ పెళ్ళయ్యాక ఇంట్లో మేమిద్దరమేగా. మెల్లగా మానేసింది. కొంగు దోపుకుని మొహం ఎత్తుకుని తిరిగేది."

"మరి నేనొచ్చినప్పుడల్లా పెట్టుకునేదిగా."

"నువ్వొక్కదానివే ఎప్పుడొచ్చావు? అల్లుడు ఉండేవాడు, పిల్లలు ఉండేవాళ్ళు."

ఆవిడ బల్ల మీద ఉన్న పెన్సిలు బొమ్మని, ఆయన గీసిన మచ్చని, దగ్గరికి లాక్కుని చూస్తూ ఉండిపోయింది. నేను లేచి మంచినీళ్ళ వంకతో అవతలికి వెళ్ళాను. కోత మిషను దగ్గర పాలిష్ నీళ్ళు తెల్లగా కాలవలోకి పోతున్నాయి. కాసేపు వాటిని చూస్తూ నిలబడ్డాను.

రెండు రోజుల్లో పలక తయారైంది. కొంగు రాయి మీద బాగా పలికింది, మడతలు కూడా తెలుస్తున్నాయి. పెద్దాయన ఆటో మాట్లాడుకుని వచ్చి, గోనెసంచుల్లో చుట్టించి, తనే పక్కన కూర్చుని పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం కూతురు ఫోను చేసింది. పలక బాగుందని చెప్పి, కాస్త తటపటాయించి, "మొదటిది, మచ్చ ఉన్నది, ఇంకా మీ దగ్గర ఉందా అన్నయ్యా?" అని అడిగింది. ఉందన్నాను. ఆవిడ ఫోనుకి పంపించాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

మా ఓనరుకి ఈ సంగతంతా తెలిసింది. "ఆ ప్రాంప్టు దాచిపెట్టండి మాస్టారూ, ఇంకొకళ్ళకి పనికొస్తది," అన్నాడు. దాచాను. మళ్ళీ తీసి చదివితే అందులో నా మాటలంటూ వెలుగు ఎటునుంచి పడాలన్నదే ఉంది. మిగతాదంతా వాళ్ళిద్దరిదే. ఇంకొకళ్ళకి ఎలా పనికొస్తుందో నాకు తెలియదు.

మర్నాడు ఒకాయన తన తండ్రి ఫొటో తెచ్చాడు. స్టూడియోలో తీయించింది, వెలుగు చక్కగా ఉంది, ముఖం ఎదురుగా ఉంది. పది నిమిషాల్లో అయిపోయింది. నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఫ్యాను కింద కుర్చీ జరుపుకుని కళ్ళు మూసుకున్నాను. ఆ రోజుకి అది చాలనిపించింది.