పాపను ఎత్తుకుపోయిందెవరు మామయ్యా?

అనుమానం మామయ్య లోకంలో అనుమానించనిది ఒకే ఒక్కటి, తన వీపు. అదీ కంటికి కనబడదు కాబట్టి బతికిపోయింది. కరెంటు మీటరు, కొత్త సబ్బు, వానమబ్బు, పక్కింటివాళ్ల నవ్వు, పాత స్నేహితుడి పలకరింపు, ఇలా మిగతావన్నీ ఆయన దృష్టిలో ఏదో దాచిపెడుతున్నవే.

కటింగు షాపుకి వెళితే ఎదురుగా ఉన్న నిలువుటద్దం చాలదని జేబులోంచి చిన్న అద్దం తీసి వెనకాల ఏం జరుగుతోందో చూసుకుంటాడు.

“నేనేమన్నా ఎత్తుకుపోతానా సార్?” అంటాడు షాపతను.

“కళ్లముందే జుట్టు ఎత్తుకుపోతున్నావుగా! ఇంకా నయం, చూస్తున్నాను కాబట్టి సరిపోయింది.”

ఇంట్లో అత్తయ్య టీ ఇస్తే ముందు కప్పు వంక, ఆ తర్వాత అత్తయ్య వంక చూస్తాడు.

“ఇవాళ చక్కెర ఎక్కువేశావు. ఏం కావాలి నీకు?”

“ఏం వద్దు.”

“ఏం వద్దంటున్నావంటే పెద్దదే ఏదో కావాలన్నమాట.”

ఇన్నేళ్ల కాపురంలో అత్తయ్య నేర్చుకున్న ఉపాయం ఒకటే. ఏదన్నా అడగాలనుకున్న రోజున చక్కెర తగ్గించి వేస్తుంది. ఆ చప్పిడి టీ తాగి మామయ్య నిశ్చింతగా కుర్చీలో వాలి, అడిగిందానికల్లా సరేనంటాడు.

మేనకోడలికి ఆయన అనుమానంతో తొలి పరిచయం ఆసుపత్రి వరండాలో అయింది. అప్పటికామెది పలకాబలపం వయసు. లోపల అమ్మకి ఆపరేషన్ జరుగుతోంది. బయట బల్ల మీద కూర్చున్న ఈ పిల్ల ఏడవడానికి సిద్ధమై కింది పెదవి ముందుకు పెట్టింది. మామయ్య దాని చెవి దగ్గరికి వంగి, “ఒసేయ్, ఆ కాంపౌండరు మీద నాకు అనుమానంగా ఉంది. వాడేం చేస్తాడో చూస్తూ ఉండు. రెప్ప వెయ్యకు” అన్నాడు. పిల్ల ఏడుపు వాయిదా వేసి కాంపౌండరును చూస్తూ కూర్చుంది. అతను దూదికట్ట మోసుకెళ్లాడు. బకెట్టు మోసుకొచ్చాడు. గోడకి ఆనుకుని నోరారా ఆవలించాడు. ఇంతలో ఆపరేషన్ అయిపోయింది, అమ్మ క్షేమంగా బయటికొచ్చింది. పిల్ల మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు ఎక్కడ కాంపౌండరు కనబడినా కళ్లు చికిలించి చూసేది.

ఆ పిల్లే ఇప్పుడు సినిమాహాలు మేనేజరు. అదే హాల్లో మామయ్య గేటు దగ్గర టిక్కెట్లు చింపుతాడు, ఆట మొదలయ్యాక టార్చి వేసి సీట్లు చూపిస్తాడు. మేనకోడలు మేనేజరై వచ్చినరోజు ఆయన సంబరపడతాడని అందరూ అనుకున్నారు. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, “ఇంత పెద్ద కుర్చీ నీకెందుకిచ్చారో కనుక్కున్నావా?” అన్నాడు. చింపే ప్రతి టిక్కెట్టునూ బల్బుకి ఎత్తిపట్టి చూశాక గాని చింపడు. వెనక క్యూ గొణుగుతుంది. “దొంగ టిక్కెట్టైతే?” అంటాడు. “ఎదురుగా కౌంటర్లోనే కొన్నాం కదండీ, మీరూ చూశారు” అని జనం మొత్తుకుంటారు. “ఆ కౌంటర్లో కూర్చున్నాయన సంగతి నాకు తెలుసులే” అంటాడు మామయ్య. కౌంటర్లో కూర్చున్నాయన కిటికీలోంచి తల బయటపెట్టి దణ్ణం పెడతాడు.

అలాంటి హాలుకి ఆ సినిమా వచ్చింది.

స్కూలు గేటు దగ్గర ఎర్రగొడుగు పట్టుకుని నిలబడిన చిన్నపాప, జోరువానలో, కళ్లు మూసి తెరిచేలోగా మాయమైపోతుంది. ఎవరు ఎత్తుకుపోయారు? తోటమాలా, డ్రైవరా, డాక్టరా, పాటలు నేర్పే మాస్టారా, సొంత పిన్నా? ఆఖరి నిమిషం దాకా తేలదు. మొదటి ఆట చూసి బయటికొచ్చిన మామయ్య మొహం వెలిగిపోతోంది. జీవితంలో మొదటిసారి ఓ సినిమా ఆయన మనసెరిగి తీసినట్టుంది.

“ఎలా ఉంది మామయ్యా?”

“నాకా దర్శకుడి మీదే అనుమానంగా ఉందే అమ్మాయ్. పాప ఎక్కడుందో వాడికి మొదట్నుంచీ తెలుసు.”

ఆ మధ్యాహ్నం నుంచీ గేటు దగ్గర కొత్త తంతు మొదలైంది. టిక్కెట్టు చింపుతూ ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క పేరు వేస్తున్నాడు. ఒకరితో, “ఆ తోటమాలిని కాస్త కనిపెట్టి ఉండండి.” ఆ వెనకాయనతో, “డాక్టరు నవ్వు చూశారూ? మీకే తెలుస్తుంది.” కొత్తగా పెళ్లైన జంట వస్తే మొగుడికి డ్రైవరునీ, పెళ్లానికి పిన్నినీ పంచాడు. ఇద్దరూ ఇంటర్వెల్లో ఐస్‌క్రీము కరిగిపోతున్నా పట్టించుకోకుండా పోట్లాడుకున్నారు.

సినిమా బాగా ఆడింది. దాంతో జనం ఫోన్లలో అభిప్రాయాలు రాయడం మొదలుపెట్టారు. ఓ ఉదయం యజమాని కిర్రుకిర్రుమంటూ ఆఫీసు గదిలోకి వచ్చాడు. ఆయన బూట్లు ఆయనకంటే ముందు వస్తాయి. వీధి మలుపులో కిర్రుమంటే చాలు, హాల్లో అందరూ లేచి నిలబడి ఏదో ఒకటి తుడుస్తూ కనబడతారు. సొంత హాల్లో ఆయన ఏనాడూ సినిమా చూడలేదు. “బట్టల కొట్టువాడు కొట్లో బట్టలన్నీ తొడుక్కుంటాడా?” అనేది ఆయన వాదన.

“విను” అని కళ్లజోడు సర్దుకుని ఫోను చదవడం మొదలుపెట్టాడు. “‘గేటు దగ్గర పెద్దాయన తోటమాలి అన్నాడు. సినిమా అంతా తోటమాలినే చూశాను. వాడు మొక్కలకి నీళ్లు పోశాడు. అంతే. ఒక స్టారు.’ ఇంకోటి. ‘కథనం బిగువుగా ఉంది, నేపథ్య సంగీతం అదిరింది, టార్చి మనిషి అబద్ధాలకోరు.’ ఇదిగో, ఇది చూడు. ‘ఇంటర్వెల్లో సమోసా తింటుంటే పాప మాయమైన రోజు నేనెక్కడున్నానని నన్నే అడిగాడు. నేను ప్రేక్షకుణ్ణి!’”

మేనేజరు నవ్వాపుకోవడానికి పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపింది.

“నవ్వకు. అసలుది ఇప్పుడు చదువుతా. ‘సెకండాఫ్‌లో ఆ పెద్దాయన చీకట్లో వరసల మధ్య తిరుగుతూ కొందరికి ముగింపు చెప్పేస్తున్నాడు. నా ముందు సీట్లో ఆవిడకి చెప్పడం కళ్లారా చూశాను.’ ఇలాంటివి చాలా ఉన్నాయి. సస్పెన్సు సినిమాకి ముగింపు చెప్పేశాక ఇంకేం మిగుల్తుందమ్మా? రేపు మ్యాట్నీకి నేనే వచ్చి కూర్చుంటా. నా కళ్లబడ్డాడా, ఎల్లుండి నుంచి ఇంట్లో కూచోమను. మేనమామ అని మొహమాటపడకు.”

టార్చి లేని మామయ్యను ఆమె ఊహించుకోలేకపోయింది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన అత్తయ్య చెవిన వేస్తే ఆవిడ గుడ్లనీళ్లు కుక్కుకుంది. “తల్లీ, ఆయన రోజంతా ఇంట్లో ఉంటే ఎవరిని అనుమానిస్తాడే? నేనొక్కదాన్నేగా ఉండేది! ఇక్కడైతే హాలంతా పంచుకుంటారు.”

మేనేజరు మామయ్యను పిలిచి సూటిగా అడిగింది.

“జనానికి ముగింపు చెప్పేస్తున్నావా?”

“ఎవరన్నారు?”

“జనమే అంటున్నారు.”

“జనం మీద నాకెప్పట్నుంచో అనుమానం” అని మామయ్య టార్చి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఇది జవాబు కాదు. ఎదుటివాళ్లు మాట దాటేస్తే తోకపట్టుకుని లాగే మనిషి, తనే దాటేశాడు. మేనకోడలికి పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఆయన మీద అనుమానం కలిగింది. కలిగిందంటే మామూలుగా కాదు, మేనమామ పోలిక కదా, నిలువెల్లా కలిగింది. గేటు దగ్గర అబద్ధాలు చెప్పడం దేనికి? లోపల నిజం చెప్పడం దేనికి? ఎవరన్నా చెప్పిస్తున్నారా? ఆ పూట మ్యాట్నీలో ఆఖరి వరసలో, తలకి చున్నీ చుట్టుకుని కూర్చుంది.

సెకండాఫ్‌లో పాప ఎర్రగొడుగు కాలవ నీళ్లలో ఒంటరిగా తేలుతూ కనబడే చోటు ఒకటి ఉంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర టార్చి వెలిగింది. నేలకి అంగుళం ఎత్తులో మెల్లగా కదులుతూ వచ్చి ఒక సీటు దగ్గర ఆగింది. మామయ్య వంగాడు. ఏదో అన్నాడు. లేచాడు. మళ్లీ కదిలి ఇంకోచోట ఆగాడు. మేనేజరు చున్నీ కింద పళ్లు నూరింది. దొరికాడు!

ఆట వదలగానే ఆయన వంగిన సీట్లోని ఆవిడను మెట్ల దగ్గర పట్టుకుంది. కుట్టుమిషను షాపులో పనిచేసే మనిషి, భుజం మీద టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

“ఏమండీ, ఆ టార్చి పెద్దాయన మీకేం చెప్పారు?”

ఆవిడ సిగ్గుపడింది. “ఏం లేదండీ. ‘పాప దొరుకుతుందమ్మా, గీతైనా పడదు’ అన్నారు. నాకు ఆ వయసు పిల్లే ఉంది. ఆ గొడుగు చూడగానే కాళ్లూ చేతులూ ఆడలేదు, లేచి వెళ్లిపోదామనుకున్నా. ఆ మాట అన్నాక కూర్చుని చూడగలిగాను.”

“మరి ఎత్తుకుపోయిందెవరో చెప్పలేదా?”

“అడిగానండీ. డ్రైవరన్నారు. శుద్ధ అబద్ధం!”

మేనేజరు మామయ్య కోసం వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన ఖాళీ హాల్లో సీట్ల కింద ఎవరో వదిలేసిన చెప్పును అనుమానంగా తిరగేసి చూస్తున్నాడు.

“ఎవరికి చెప్పాలో చీకట్లో నీకెలా తెలుస్తుంది?”

“టార్చి మొహాల మీద వెయ్యకూడదు కదే, కాళ్ల మీదే వెయ్యాలి. ఇన్నేళ్లూ నేను చూసింది కాళ్లే. సరదాగా చూసేవాడు కాళ్లు చాపుతాడు. విసుగు పుట్టినవాడు ఆడిస్తాడు. నిజంగా భయపడ్డవాడు కాలి మీద కాలు తొక్కిపెట్టి, సీటు కిందికి లాక్కుంటాడు, చిన్నపిల్లాడిలా. వాళ్లకే చెప్తా.”

“గేటు దగ్గర ఆ అబద్ధాలెందుకు మరి?”

“భయపడేవాళ్లకి ఏదో ఒక పని అప్పజెప్పాలి. ఒకడి మీద కన్నేసి ఉంచమన్నామనుకో, ఇక భయానికి తీరికెక్కడిది?”

మేనకోడలికి ఆసుపత్రి వరండా, దూదికట్ట, ఆవలించిన కాంపౌండరు ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి. ఆమెకు ముద్దొచ్చింది, కోపమూ వచ్చింది.

“మామయ్యా, రేపు యజమాని వస్తున్నాడు. నువ్వు చెప్తూ కనబడితే ఉద్యోగం ఊడుతుంది. రేపొక్కపూట ఎవరి దగ్గరికీ వెళ్లకు. నా మీద ఒట్టు.”

“సరే.”

ఆ ‘సరే’ మీద ఆమెకు బోలెడు అనుమానం కలిగింది.

మర్నాడు మ్యాట్నీకి యజమాని కిర్రుకిర్రుమంటూ వచ్చి మధ్య వరసలో చివరి సీట్లో కూర్చున్నాడు. పక్కన మేనేజరు. “నేను సినిమాకి రాలేదు, నిఘాకి వచ్చాను” అని ముందే చెప్పాడు. కాసేపు తలుపు వంక చూశాడు. ఇంకాసేపు తెర వంకా తలుపు వంకా చూశాడు. వాన మొదలై పాప మాయమయ్యేసరికి తలుపు సంగతి మరిచిపోయాడు. ఇంటర్వెల్లో లేవలేదు.

గొడుగు నీళ్లలో తేలింది. మేనేజరు తెర చూడలేదు, తలుపే చూసింది. వద్దు మామయ్యా, వద్దు. టార్చి వెలిగింది. నేలబారుగా బయల్దేరింది. ఒక్కో వరసా దాటుతోంది. ఆమె గోళ్లు కుర్చీ చేతుల్లో దిగబడ్డాయి. వెలుతురు వచ్చి వచ్చి వాళ్ల వరస పక్కనే ఆగింది.

ఆ వెలుతుర్లో, నిగనిగలాడే బూటు ఒకటి ఇంకో బూటు మీదికెక్కి, రెండూ సీటు కిందికి నక్కి ఉన్నాయి.

ఆ బూట్లు ఎవరివో మామయ్యకి తెలియక కాదు. హాల్లో వాటిని గుర్తుపట్టనివాళ్లు లేరు. ఆయన ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వంగాడు.

“పాప దొరుకుతుంది సార్. గీతైనా పడదు.”

మేనేజరు కళ్లు గట్టిగా మూసుకుంది. అంతా అయిపోయిందనుకుంది. కాసేపటికి కిర్రుమంది. కళ్లు తెరిచి చూస్తే బూట్లు ఒకదాన్నొకటి వదిలి, మెల్లగా నేలమీద ఆనుతున్నాయి. యజమాని చెయ్యి చాచి మామయ్య మణికట్టు పట్టుకున్నాడు.

“నిజమేనా?”

“ఒట్టు సార్.”

“మరి ఎత్తుకుపోయిందెవరయ్యా?”

మామయ్య అటూ ఇటూ చూసి ఇంకా వంగాడు. “నాకు తోటమాలి మీదే అనుమానంగా ఉంది. కాస్త కన్నేసి ఉంచండి.”

యజమాని ముందుకి జరిగి, మోచేతులు మోకాళ్ల మీద ఆన్చి, ఆట అయ్యేదాకా తోటమాలిని కాపలా కాశాడు.

బయటికొచ్చాక ఆయన ముందు ఫోను తీశాడు. “మనవరాలు ఏం చేస్తోంది? నిద్రపోతోందా? లేపొద్దు, లేపొద్దు. ఏం లేదు, ఊరికే.” ఫోను జేబులో పెట్టుకుని, గేటు దగ్గర నిలబడ్డ మామయ్య వంక కొరకొరా చూశాడు. “తోటమాలి కాదు కదయ్యా!”

“కాదాండీ?” అన్నాడు మామయ్య ఆశ్చర్యంగా.

యజమాని మేనేజరు వైపు తిరిగాడు. “ఆ టార్చి ఏంటమ్మా, మిణుగురు పురుగులా? రేపే కొత్త బ్యాటరీలు వేయించు” అని కిర్రుకిర్రుమంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మేనేజరు ఫోను చూస్తూ పకపకా నవ్వి, గేటు దగ్గరికి పరుగెత్తింది. “మామయ్యా, విను. పేరు పెట్టకుండా ఎవరో రాశారు. ‘సినిమా బాగుంది. కథ తెలియదు, నేను తోటమాలిని చూస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర పెద్దాయన చెప్పేవన్నీ అబద్ధాలు, ఒక్కటి తప్ప. అందరూ చూడవలసిన హాలు. ఐదు స్టార్లు.’”

మామయ్య ఫోను తీసుకుని, బల్బుకి ఎత్తిపట్టి, ఐదు స్టార్లనూ ఒక్కొక్కటిగా పరీక్షగా చూశాడు.

“ఐదూ ఇచ్చేశాడా? ఏం కావాలట ఆయనకి?”