సుక్కమ్మ కంచె, మల్లప్ప కోపం

మల్లప్పకు సుక్కమ్మ మీద ముందు పుట్టింది ప్రేమో కోపమో, ఇన్నేళ్లయినా తేల్చి చెప్పడం నా వల్ల కావడం లేదు. కనిపించింది మాత్రం కోపమే. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్న ఆ రోజుల్లో పానగల్ పక్కన పొద్దు పొడవడం ఎప్పుడైనా ఆలస్యమైందేమో గానీ, అరవై గొర్రెల మల్లప్ప సుక్కమ్మ చెలక దగ్గర కొట్లాటకు దిగడం ఒక్కనాడూ ఆలస్యం కాలేదు.

"ఏమే సుక్కమ్మా! నీ కంచె ముల్లు నా గొర్రెను గీరింది!"

"నీ గొర్రెను నా కంచెలకు ఎవడు రమ్మన్నడు?"

"గదే నేనడుగుతున్న! ఎవడు రమ్మన్నడు దాన్ని?"

మొగుడు పోయిన సుక్కమ్మకు మిగిలింది ఆ రెండెకరాల ఎర్రచెలకే. రెండేళ్లుగా గింజ రాలలేదు. ఈ వానకాలం కూడా పండకపోతే చెలక తనకు వదిలేయాలని మరిది గాలయ్య పెద్దమనుషుల ముందు ఒప్పించుకున్నాడు. అటు మరిది, ఇటు మల్లప్ప. ఆ వేసవిలో ఆమెకు కోపం తప్ప ఇంకేమీ పండలేదు.

ఒకనాడు జ్వరమొచ్చి ఆమె బదులు పలకలేదు. మల్లప్పకు ఒళ్లు మండిపోయింది.

"తిట్టవేందే? పానం బాగలేదా? దవాఖానకు పోవాల్నా? నోరు లేదా చెప్పనీకి?"

అరుస్తూనే బండి కట్టించుకొచ్చాడు. నల్లగొండ దాకా పక్కన నడుస్తూ ఎద్దులను, గుంతలను, జ్వరాన్ని వరసపెట్టి తిట్టాడు.

జ్వరం తగ్గి ఆమె తిరిగొచ్చాక ఇంకో తంటా. రోజూ మాపటికి అరవై గొర్రెలూ కంచెలోని ఒకే సందులోంచి దూరి, తెల్లారేదాకా ఆమె చెలకలోనే పడుకుంటున్నాయి.

"లేపిన. లేస్తలెవ్వు. నా మాట ఇనే జీవాలా ఇవి?" అని మల్లప్ప ఎగిరిపడేవాడు.

పదకొండోనాడు సుక్కమ్మ చావడికెక్కింది. "పటేలా, చెలకంత పెంటికలే! రేపు మంద పెట్టినందుకు జొన్నలు కొలువుమంటే నేనేడికెల్లి తేవాలె?"

పటేల్ కిష్టయ్య మల్లప్పను పిలిపించాడు. "ఎన్ని జొన్నలడుగుతవ్‌రా?"

"నేను పెట్టిన్నా మంద? అవ్వే పోయినయ్! జొన్నలు కావాల్నో వద్దో గొర్లనడుగున్రి!"

చావడిలో కూచున్న రైతు కాటమయ్య గబుక్కున లేచాడు. "ఒక్క రాత్రి మంద పెట్టు, ఎరువైతది, జొన్నలిస్తనని నెల సంది నీ యెంట తిరగవడితి గదరా! నా చేన్లకెందుకు రావు?"

"నీ చేన్ల వాటికి నిద్రవట్టదంట!"

చావడంతా ఘొల్లుమంది. "గాలయ్యా, చెలక మీద ఆశ ఇడువు. ఈయేడు అండ్ల జొన్న నీ నెత్తికి మించి లేస్తది," అన్నాడు పటేల్, మూలన కూచున్న ఆమె మరిదితో. తిట్టడానికొచ్చిన సుక్కమ్మ మల్లప్పనే చూస్తూ నవ్వింది.

"నవ్వుతవేందే?" అని గర్జించి, మల్లప్ప చరచరా వెళ్లిపోయాడు.

తెల్లారి సుక్కమ్మ రెండు జొన్నరొట్టెలు మూటగట్టుకుని చెలకకు పోయింది. అడిగినవాళ్లకు మాత్రం కొట్లాటకని చెప్పింది. మంద లేదు, మనిషి లేడు. చెప్పాపెట్టకుండా గొర్రెలను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయాడు. పోతూ పోతూ ఆ సందును తుమ్మకంపతో ఎంత కసిగా మూశాడంటే, సొంత చెలకలోకి సుక్కమ్మకే దారి లేదు.

ఆమె నందికొండ బాటవైపు తిరిగి గొంతెత్తింది.

"ఓ మల్లప్పా! నేనెట్ల పోవాల్రా లోపటికి?"