‘మాదేనా’ తర్వాత ఖాళీ

కోవూరులో మాది పరుపుల దుకాణం. తాతల కాలం నుంచి మేము దూదేకేవాళ్లం. నమాజు అరబీలో చేసుకున్నా, ఇంట్లో మాట్లాడుకునేదీ తిట్టుకునేదీ పాడుకునేదీ అంతా తెలుగే. మా నాన్న పెద్ద విల్లు వేలాడదీసి, దాని నారిని కొయ్యతో కొడుతూ దూది ఏకేవాడు. ఆ మోతకు నేను పక్కన కూర్చుని తొడ మీద తట్టేవాణ్ణి. సంగీతం నాకు వేరే ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రాలో పదేళ్లు తబలా వాయించాను. వాళ్లడిగితే పాటలూ రాసిచ్చాను. ఆ జట్టు ఎవరి దారిన వాళ్లు విడిపోయాక వచ్చి దుకాణంలో కూర్చున్నాను.

కొన్నేళ్ల కిందట, ఆ జట్టులో కీబోర్డు వాయించిన మిత్రుడు నన్ను ఇంటర్నెట్లో ఒక పాటల పోటీకి పరిచయం చేశాడు. పాటలు రాయాలని ఆశ ఉండి, ఎక్కడా అవకాశం రానివాళ్ల కోసం పెట్టిన పోటీ అది. రెండు నెలలకోసారి ఒక అంశం ఇస్తారు. సొంతంగా రాసి, బాణీ కట్టి, ఫోనులో పాడి పంపాలి. ముగ్గురు సమీక్షకులు ఒక్కో పాట కింద తమ అభిప్రాయం రాస్తారు. వాళ్లు చెప్పిన సవరణలు చేసుకోవడానికి నాలుగు రోజులు గడువు ఉంటుంది. తర్వాత విన్నవాళ్లంతా ఓట్లు వేస్తారు.

మొదట నేను ఊరికే వినేవాణ్ణి. ప్రతి పాట కిందా జనం ‘సూపర్’, ‘అదిరింది’ అని రాస్తుంటే ఒళ్లు మండేది. ఒకరోజు ఒక పాటలో ఎక్కడ మాట ఎక్కువైందో, ఎక్కడ శ్రుతి జారిందో పాదం పాదం విడదీసి రాశాను. పోటీ నడిపే ఆయన, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, నాకు ఫోన్ చేసి, “మీలాంటి చెవి ఉన్నవాళ్లే మాకు కావాలండీ” అన్నారు. అలా సమీక్షకుణ్ణయ్యాను.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నా తలకెక్కింది. పరుపుల కొట్లో నా మాట ఎవరు వింటారు? ఇక్కడ లెక్చరర్లు, ఇంజనీర్లు నా అభిప్రాయం కోసం కాచుకుని ఉండేవాళ్లు. కావలి నుంచి ఒక లెక్చరర్ పాట పంపాడు. అందులో వెన్నెల నాలుగుసార్లు వచ్చింది. ‘వినేసరికి అమావాస్య ఎప్పుడొస్తుందా అనిపించింది’ అని రాశాను. జనం తెగ నవ్వారు. ఆయన మళ్లీ పాట పంపలేదు. అప్పట్లో నేనది గమనించను కూడా లేదు.

ఆ తర్వాత వచ్చిన అంశం ‘ఎదురుచూపు’. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ప్రియుడి కోసం ఎదురుచూపులే. వాటి మధ్య ఒక పాట వాకాడు వైపు సముద్రపు పల్లె నుంచి వచ్చింది. రాసి, పాడింది ఒక ఆడమనిషి. వాయిద్యం లేదు. వెనక గాలి హోరు, ఎక్కడో కోడి కూత. గొంతు కాస్త బొంగురుగా ఉంది, కానీ శ్రుతిలోనే ఉంది.

ఎవురి బోటో అక్కా, ఆ సప్పుడు ఎవురిదో,
మాదేనా...
మాది గాదు, మాది గాదు, పక్కింటోళ్లది.

పల్లవి అంతే. చరణంలో, మంచు కమ్మిన పొద్దున సముద్రం కంటికి ఆననప్పుడు చెవితోనే చూస్తానంటుంది. ‘కంటికైతే రెప్ప ఉండాది, చెవికి రెప్ప లేదు’ అంటుంది. ఆ పాదం దగ్గర నా చేతిలో సూది ఆగిపోయింది. అది గొప్ప మాట అని సమీక్షలో రాశాను కూడా.

కానీ ‘మాదేనా’ అన్న తర్వాత ఆమె ఆగిపోతోంది. తాళం రెండు దెబ్బలు ఖాళీగా పోతోంది. పల్లవి వచ్చిన ప్రతిసారీ అంతే. నాకది పంటి కింద రాయిలా తగిలింది. పది పన్నెండుసార్లు విన్నాను. ‘పల్లవి రెండో పాదంలో తాళం తప్పింది. ఖాళీ వదిలేశారు. అక్కడొక మాట పడితే పాట నిలబడుతుంది’ అని రాశాను. మిగతా ఇద్దరు సమీక్షకులూ నాతో ఏకీభవించారు.

ఆమె వాదించలేదు. మూడో రోజుకల్లా మార్చిన పాట పంపింది. ‘మాదేనా, చెప్పవే గాలీ’ అని ఖాళీ పూడ్చింది. తాళం కొలిచినట్టు కుదిరింది. ‘గాలిని అడగడం చక్కగా ఉంది, చెప్పిన మాట విని దిద్దుకోవడం మంచి లక్షణం’ అని మెచ్చుకుంటూ రాశాను. కొట్లో పరుపు గలీబు కుడుతున్న మా ఆవిడకు కూడా వినిపించాను.

“ముందు పాడిందే బాగుండె” అంది మా ఆవిడ, మిషను ఆపకుండా.

“ముందు తాళం తప్పింది గదా?”

“తప్పిందో లేదో నాకు తెలీదు. ఇప్పుడు అన్ని పాటల మాదిరే ఉండాది.”

నేను పట్టించుకోలేదు. పాటకు ఓట్లు ఒక మోస్తరుగా వచ్చాయి. బహుమతి రాలేదు. పోటీ అయిపోయింది.

మూడు నెలల తర్వాత వాకాడులో మా మరదలి మనవరాలికి పేరు పెట్టే వేడుకకు వెళ్లాం. మర్నాడు మా ఆవిడే గుర్తు చేసింది. “ఆ బోటు పాట పాడినామెది ఇక్కడికి దగ్గరే అంటివే? పోయి చూసొద్దామా?” నేను ఆమెకు మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబొచ్చింది. ‘రండి సార్, తొమ్మిదికి గట్టు మీద ఉంటా.’ మా తోడల్లుడి మోటారు సైకిలు అడిగి తీసుకుని ఇద్దరం బయల్దేరాం.

ఇసుక మీద తాటాకు పందిరి కింద పది పదిహేనుమంది ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. తెల్లవారుజామున వేటకు పోయిన బోట్లు ఒక్కొక్కటీ తిరిగొచ్చే వేళ అది. నలభై అయిదేళ్ల మనిషి ఒకామె లేచి ఎదురొచ్చింది. “సార్ మీరేనా?” అన్న ఆ ఒక్క మాటతో గొంతు గుర్తుపట్టాను. మా ఆవిణ్ణి “రా అక్కా” అంటూ చెయ్యి పట్టుకుని నీడకు తీసుకెళ్లింది. అందరికీ నన్ను చూపించి, “నా పాట దిద్దిన సారు ఈయనే” అని చెప్పింది. నాకు గర్వంగానే అనిపించింది.

మాటల్లో పడ్డాం. చేపల రేట్లు, వానలు, మా దూది ధర. ఒక ముసలామె తన కోడలి గురించి ఏదో చెబుతోంది. చెబుతున్నదల్లా మాట మధ్యలో ఆగిపోయింది. చూస్తే పందిరి కింద అందరూ ఆగిపోయారు. ఒకామె తమలపాకు నోటి దాకా తీసుకెళ్లి అలాగే పట్టుకుంది. నాకేమీ వినబడలేదు. అంతలో, అలల హోరు వెనక సన్నగా, ఇంజను చప్పుడు.

“మాది గాదు” అంది ముసలామె. వదిలేసిన చోటి నుంచే కోడలి కథ మళ్లీ ఎత్తుకుంది. పక్కనున్న ఒకామె లేచి గంప తీసుకుని నీళ్ల వైపు నడిచింది. ఆ బోటు ఆమెవాళ్లది.

ఇంకో పావుగంటకు మళ్లీ అదే జరిగింది. అప్పుడు నాకు తెలియకుండానే నా వేళ్లు తొడ మీద లెక్క వేశాయి. ఆగడం మొదలైనప్పటి నుంచి ‘మాది గాదు’ అనేదాకా రెండు దెబ్బలు. కొంచెం అటూ ఇటూ.

“అమ్మా, నీ పాటలో ‘మాదేనా’ అని ఆగేదానివే...” అన్నాను.

“అవును సార్. అక్కడ వినాల గదా” అంది ఆమె మామూలుగా.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు తాళం తెలిసినోళ్లు. తప్పన్నారు. తప్పే గావాల అనుకున్నా. ఆ గాలి మాట దొరికేదానికి రెండు దినాలు పట్టింది సార్.”

మా ఆవిడ నా వైపు చూసింది.

“మీవాళ్ల బోటు ఇంకా రాలేదా?” అని అడిగాను, మాట మార్చడానికి.

“మాకిప్పుడు బోటు లేదు సార్. ఇంటాయనకు నడుం పట్టేసింది. మూడేండ్ల నాడు బోటూ ఇంజనూ రెండూ అమ్మేసినాం. ఆయన రొయ్యల గుంటకాడ కాపలా ఉండాడు. రోజూ ఇంటికొచ్చేస్తాడు. నేను చేపలు కొనుక్కునేదానికి వస్తా. అయినా ఆ ఇంజను సప్పుడు ఇనబడితే నా కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఈళ్లంతా నవ్వుతారు.” తనూ నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. మనిషి భద్రంగా ఒడ్డునే ఉన్నాడు. భయం మాత్రం ఆమె చెవిలో ఉండిపోయింది. పాటంతా ఆ ఖాళీలోనే ఉంది. నేను దాన్ని తప్పన్నాను, ఆమె చేతే పూడ్పించాను, పైగా మెచ్చుకున్నాను.

“మొదటి పాట నీ దగ్గర ఉందా?”

“లేదు సార్. ఫోన్లో జాగా లేక తీసేసినా.”

మా పోటీలోనూ అదే కథ. సవరించిన పాట ఎక్కించగానే పోటీ పేజీలో పాతది చెరిగిపోతుంది. “పోనీ, మళ్లీ ఒకసారి పాడమ్మా, ముందు పాడినట్టే” అని ఫోను ముందు పెట్టాను. ఆమె కొంగు సర్దుకుని ఎత్తుకుంది. ‘ఎవురి బోటో అక్కా’ బాగానే వచ్చింది. ‘మాదేనా’ దగ్గరకొచ్చేసరికి ‘చెప్పవే గాలీ’ దానంతటదే వచ్చేసింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే. మూడోసారి బిగపట్టి ఆగింది కానీ, అది ఆగినట్టు లేదు. గుర్తుపెట్టుకుని ఆపినట్టు ఉంది.

“నోరు దానికి అలవాటు పడిపోయింది సార్. పోనీండి” అంది.

కోవూరు వచ్చాక పోటీ నడిపే పెద్దాయనకు ఫోన్ చేశాను. నా సమీక్ష తప్పని ఆ పాట కిందే రాస్తానన్నాను. ఆయనకు నచ్చలేదు. “ముగ్గురు సమీక్షకులూ ఒకే మాట అన్నారు కదండీ. ఇప్పుడు మీరు వెనక్కి పోతే రేపు మన మాట ఎవరు వింటారు?” అన్నారు. “ఆమె వినకపోయుంటే ఆ పాటన్నా బతికేది సార్” అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. ఆ పందిరి కింద చూసింది చూసినట్టు రాశాను. చదివిన కొందరు మొదటి పాట ఎక్కడుందని అడిగారు. ‘ఎక్కడా లేదు’ అన్న జవాబు నా జీవితంలో నేను రాసిన అన్నిటికన్నా కష్టమైన వాక్యం. కావలి లెక్చరర్ గారికి కూడా ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. పాటలు మానేశానని చెప్పి పెట్టేశారు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. తప్పని రాసేముందు అడగడం మొదలుపెట్టాను. ‘ఇక్కడ ఎందుకు ఆగారు?’, ‘ఈ మాట రెండుసార్లు ఎందుకు?’ అని. అన్నిసార్లూ గొప్ప జవాబులేమీ రావు. నెల్లూరు నుంచి పాడిన ఒకాయన, “ఊపిరి అందలేదు సార్” అన్నాడు. అయినా అడగడం మానలేదు.

కానీ ఇంకో తప్పులో పడ్డాను. ఏడాది తర్వాత అంశం ‘ఇల్లు’. ఆ బోటు పాట పాడినామె మళ్లీ పాట పంపింది. రేకుల ఇంట్లో వాన పడుతుంటే మొగుడూ పెళ్లాలు ఒకరి మాట ఒకరికి వినబడక, సైగలతో పోట్లాడుకునే పాట. రెండు చరణాలు నవ్వు తెప్పించాయి. మూడోది సాగింది. చెప్పిందే చెప్పింది. నాకు స్పష్టంగా తెలుస్తోంది. రాయడానికి చెయ్యి రాలేదు. ఇందులోనూ నాకు తెలియనిది ఏదో ఉంటుందనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం భయం. ‘చాలా బాగుంది, ఏమీ మార్చనక్కర్లేదు’ అని రాసి ఊరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. “సార్, నా పాట మొత్తం ఇన్నారా?”

“విన్నానమ్మా. బాగుంది.”

“మూడో చరణం సాగింది గదా?”

నేను తడబడ్డాను. “కొంచెం...”

“మరి రాయలేదేం? మీరు రాస్తారనే గదా పంపిచ్చింది! బాగుందని చెప్పేదానికి మా పందిరి కింద పదిమంది ఉండారు.” గొంతులో నిజంగానే కోపం ఉంది. “ఒకపారి మీరు తప్పు జెప్పినారు, నేను నోరు మూసుకుని ఇన్నా. తప్పు ఇద్దరిదీ. ఇప్పుడు నేను నోరు తెరిచినా. మీరు మూసుకుంటే ఎట్టా?”

మా ఆవిడ మిషను ఆపి వింటోంది. ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. “సరే, మూడో చరణం ఎత్తుకో” అన్నాను. అరగంట పట్టింది. పాదం పాదం పాడుకుంటూ వెళ్లాం. రెండు పాదాలు తనే తీసేసింది. ఇంకొకటి, గొడుగు పట్టుకుని ఇంట్లో అన్నం తినడం గురించినది, తీసెయ్యమని నేను చెప్పాను. ఎందుకో కారణం కూడా చెప్పాను.

“అది మాత్రం తియ్యను సార్. అది జరిగింది” అంది.

ఉంచేసింది. ఆ పాదం పాటకు బరువేనని నాకిప్పటికీ అనిపిస్తుంది. మా ఆవిడ మాత్రం ఆ పాటలో బాగున్నది అదొక్కటే అంటుంది.